పక్కింటి క్రిస్మస్: మీరడిగినవి, నాకు తెలిసినవి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మోర్మన్ కుటుంబాల గురించే. క్రిస్మస్ నెల కదా, పైగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల పుణ్యమా అని అమెరికాలోని యూటా రాష్ట్రంలో లీహై, సౌత్ జోర్డన్, శాండీ వైపు మనవాళ్ల ఇళ్లు బాగా పెరిగాయి, పక్కింట్లోనూ ఎదురింట్లోనూ ఉండేది వాళ్లే. తెనాలి నుంచి, హైదరాబాద్ నుంచి కూడా ఉత్తరాలొచ్చాయి. నాది ఆ మతం కాదు, మా ఇంట్లో వేంకటేశ్వరస్వామి పటం ఉంది. ఏళ్ల తరబడి వాళ్ల మధ్య ఉంటూ, వాళ్ల పిల్లల్ని ఎత్తుకుని, వాళ్ల వంటింట్లో కూర్చుని తెలుసుకున్నదే రాస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్పాలి. వాళ్ల సంఘం అసలు పేరు యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం. మోర్మన్ అని పిలవొద్దని 2018లో వాళ్ల పెద్దలు గట్టిగానే కోరారు. మీ ఉత్తరాల్లో ఆ పేరే ఎక్కువగా ఉంది కాబట్టి ఇక్కడ వాడుతున్నాను, వాళ్లతో మాట్లాడేటప్పుడు మాత్రం ‘మీ చర్చి’ అనండి, చాలు.

అక్కా, మేం ఈ మధ్యే లీహైకి వచ్చాం. డిసెంబర్ మొదలైన దగ్గర్నుంచి ఎవరో ఒకరు బెల్ కొట్టి, గుమ్మంలో కుకీల ప్లేటో బ్రెడ్డో పెట్టి వెళ్లిపోతున్నారు. తలుపు తీసేసరికి మనిషి ఉండరు. ఇదంతా మతంలోకి లాగడానికేనేమో అని మావారికి టెన్షన్. ఇప్పుడు పక్కింటివాళ్లు 24 సాయంత్రం భోజనానికి పిలిచారు. వాళ్లకి నలుగురు చిన్నపిల్లలు. మేం శాకాహారులం. వెళ్లొచ్చా? ఏం తీసుకెళ్లాలి?
– ఒక పాఠకురాలు, లీహై

వెళ్లండమ్మా, మొహమాటపడకుండా వెళ్లండి. ముందు ఆ ప్లేట్ల సంగతి. సంక్రాంతికి మనం అరిసెలూ జంతికలూ గిన్నెలో పెట్టి ఇరుగుపొరుగుకి పంచినట్టే, యూటాలో డిసెంబర్‌లో ఇలా పంచుకోవడం ఊరి అలవాటు, మోర్మన్లు కానివాళ్లు కూడా పంచుతారు. వాళ్లలో ఎవరు ఏ చర్చికి వెళ్లాలన్నది ఇల్లు ఉన్న చోటుని బట్టి ఉంటుంది. కొన్ని వీధులు కలిపి ఒక వార్డు అంటారు. అందుకని ఆదివారం చర్చిలో పక్కన కూర్చునేవాళ్లూ, సోమవారం చెత్తబుట్ట బయట పెడుతూ కనిపించేవాళ్లూ ఒకళ్లే. వీధిలో ఉన్నారంటే మీరు వాళ్ల లెక్కలో ఉన్నట్టే, చర్చికి వచ్చినా రాకపోయినా. బెల్ కొట్టి పరిగెత్తడం పిల్లల సరదా. తల్లి కారు హీటర్ వేసుకుని రోడ్డు మీద ఆగి ఉంటుంది, ఇద్దరు పిల్లలు మంచులో పరిగెత్తుకొచ్చి ప్లేటు పెట్టి పారిపోతారు. తిరిగి ఇవ్వాలన్న రూలేమీ లేదు, ఇస్తే మాత్రం చాలా సంతోషిస్తారు.

మతం సంగతి దాచకుండా చెబుతాను. వాళ్లది ఇతరుల్ని పిలిచే మతమే. చర్చిలో పాటల కార్యక్రమానికి రమ్మంటారు, ఎప్పుడో ఒకప్పుడు మిషనరీ కుర్రాళ్లని పంపమంటారా అని కూడా అడుగుతారు. ‘మా పూజలు మాకున్నాయి, మీ స్నేహం మాత్రం కావాలి’ అని ఒక్కసారి సూటిగా చెప్పేస్తే సరిపోతుంది. నాకు తెలిసిన కుటుంబాలేవీ ఆ తర్వాత మొహం తిప్పుకోలేదు, ప్లేట్లూ ఆపలేదు. మనవాళ్లతో వచ్చిన చిక్కేమిటంటే కాదని చెప్పలేక ‘చూద్దాం’ అంటారు. అవతలివాళ్లకి అది ఆశ పెట్టినట్టే, పాపం, మళ్లీ అడుగుతారు.

ఇక తినేవాటి గురించి. కాఫీ, టీ, మద్యం, పొగాకు వాళ్లు ముట్టరు, 1833 నుంచి ఉన్న నియమం అది. వైన్ సీసా వద్దు. మీరు ప్రేమగా కొన్న మసాలా టీ పొడి డబ్బా కూడా వద్దు. ప్లమ్ కేక్ తీసుకెళ్తే రమ్ కలిసిందేమో అట్ట మీద చదివి చూడండి. పాలకోవా, సున్నుండలు, కారం తగ్గించిన జంతికలు నిక్షేపంలా వెళ్తాయి. పిల్లల్లో ఎవరికైనా వేరుశనగ, జీడిపప్పు పడవేమో ముందే మెసేజ్ పెట్టి కనుక్కోండి, ఇక్కడ అది మామూలు ప్రశ్నే. మీ శాకాహారం గురించి కూడా అందులోనే విడమరిచి చెప్పండి, ‘మాంసం తినం’ అని ఊరుకుంటే చాలదు. వాళ్ల పండగ బల్ల మీద బంగాళాదుంపలు, చీజ్ వేసి ఓవెన్‌లో పెట్టిన వంటకం ఒకటి తప్పకుండా ఉంటుంది, చావు భోజనాల్లో పెడతారని దానికి ఫ్యూనరల్ పొటాటోస్ అని పేరు. చూడ్డానికి శాకాహారమే, లోపల సాధారణంగా డబ్బా చికెన్ సూప్ ఉంటుంది. రంగురంగుల జెల్లీలోనూ, హాట్ చాక్లెట్ మీద తేలే మార్ష్‌మాలోస్‌లోనూ జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. ముందే తెలిస్తే మీకోసం విడిగా చేస్తారు. చివరి నిమిషంలో తెలిస్తే ఆ ఇల్లాలు బాధపడుతుంది.

భోజనానికి ముందు అందరూ చేతులు కట్టుకుని తల వంచుతారు, ఒకరు ప్రార్థన చేస్తారు, ఒక్కోసారి మూడేళ్లవాడికే ఆ పని అప్పజెబుతారు. మీరు మౌనంగా ఉంటే చాలు. ఏడున్నరకల్లా లేచి వచ్చేయండి. పిల్లలు పడుకున్నాక ఆ తల్లిదండ్రులకి అర్ధరాత్రి దాకా పనుంటుంది, బొమ్మ సైకిల్ బిగించడం, గిఫ్టులు చుట్టడం వగైరా.

మా అమ్మాయి కొత్తగా యూటాలో కాపురం పెట్టింది. వాళ్లలో మగవాళ్లకి ఇద్దరు ముగ్గురు భార్యలుంటారని ఇక్కడ అందరూ అంటున్నారు. పండగకి వాళ్లింటికి వెళ్తానంటోంది. నాకు భయంగా ఉంది.
– ఒక తల్లి, కాకినాడ

భయం వద్దమ్మా. ఒకప్పుడు ఉన్నమాట నిజం. 1890లో వాళ్ల సంఘం ఆ పద్ధతికి స్వస్తి చెబుతూ ప్రకటన ఇచ్చింది, ఇప్పుడు ఎవరైనా అలా చేస్తే సంఘం నుంచి బయటికి పంపేస్తారు. టీవీల్లో చూపించేది విడిపోయిన చిన్న చిన్న వర్గాల్ని. మీ అమ్మాయి వెళ్లే ఇంట్లో ఒక మొగుడు, ఒక పెళ్లాం, బోలెడంత మంది పిల్లలు ఉంటారు. నిశ్చింతగా పంపండి.

మా ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి మోర్మన్. ఇంకా ముప్ఫై నిండలేదు, ముగ్గురు పిల్లలు. డిసెంబర్ వస్తే మనిషి సగమైపోతుంది. మొన్న లంచ్ టైమ్‌లో కూర్చున్నచోటే ఏడ్చేసింది. ఏమైనా కావాలా అంటే ఏం లేదంటుంది. పండగ కదా, ఎందుకింత కష్టం? నేనేం చేయగలను?
– సౌత్ జోర్డన్ నుంచి ఒక స్నేహితురాలు

ఈ ఉత్తరం చదివాక మిగతావన్నీ పక్కన పెట్టి ముందు మీకే జవాబు రాయడం మొదలుపెట్టాను. ఎందుకంటే బయటి నుంచి చూసేవాళ్లకి ఆ ఇళ్లు క్యాలెండర్ బొమ్మల్లా కనిపిస్తాయి, ఒకే రకం పైజమాలు వేసుకున్న పిల్లలు, గుమ్మానికి ఆకుల దండ, ఓవెన్‌లోంచి దాల్చినచెక్క వాసన. ఆ బొమ్మ వెనకాల నిద్ర లేని ఒక చిన్నవయసు తల్లి ఉందని మీకు కనిపించింది. అది మామూలు విషయం కాదు.

ఆ తల్లి డిసెంబర్ ఎలా ఉంటుందో చెబుతాను. మొదటి ఆదివారం ఉపవాసం, రెండు పూటలు మానేసి ఆ డబ్బు పేదలకివ్వాలి. చిన్నపిల్లలకి ఉపవాసం ఉండదు కాబట్టి తను తినకుండానే వాళ్లకి వండి పెట్టాలి. అదే నెల మొదట్లో సాల్ట్ లేక్ సిటీ నుంచి సంఘ పెద్దల క్రిస్మస్ కార్యక్రమం ప్రసారమవుతుంది, కుటుంబమంతా కూర్చుని చూస్తారు. ఒక శనివారం వార్డు వాళ్ల క్రిస్మస్ విందు, అక్కడికి వంటకం పట్టుకెళ్లాలి, పిల్లలు పాటలు నేర్చుకుని ఉండాలి. ఏడాది చివర కుటుంబమంతా వార్డు పెద్ద అయిన బిషప్ ఎదుట కూర్చుని మేం దశమభాగం, అంటే సంపాదనలో పదో వంతు, పూర్తిగా ఇచ్చామనో లేదనో చెప్పుకునే రోజు ఒకటుంటుంది. పిల్లలు కూడా వస్తారు, ఆరేళ్లవాడు తన పాకెట్ మనీలోంచి ఇచ్చిన చిల్లరకి కూడా అక్కడ లెక్క ఉంటుంది. ఎవరికైనా సాయం చేయమని 2016 నుంచి సంఘం ప్రతి డిసెంబర్‌లో ఒక కార్యక్రమం నడుపుతోంది, ‘లైట్ ద వరల్డ్’ అని. అందులో భాగంగానే 2017లో ఎర్ర వెండింగ్ మెషిన్లు వచ్చాయి. కూల్‌డ్రింక్ కొన్నట్టే కార్డు గీకితే ఎక్కడో ఒక పేద కుటుంబానికి కోడిపిల్లలో, టీకాలో, భోజనమో వెళ్తాయి. పిల్లలకి అవి చూపించి తీరాలి, అక్కడ క్యూలో నిలబడాలి. ఇవి కాక ఇరుగుపొరుగుకి పంచే కారమెల్ బిళ్లలు, ఒక్కోదాన్ని విడిగా మైనపు కాగితంలో చుట్టాలి, వేళ్లు కాలుతూ ఉంటాయి. ఎవరో కష్టంలో ఉన్న కుటుంబం పిల్లలకి గుట్టుగా బొమ్మలు కొని పంపడం. వీటి పైన శాంటాక్లాజ్.

మొగుడేం చేస్తున్నాడు అంటారేమో. వాళ్లలో బిషప్‌కి గానీ, ఊళ్లో చర్చి పని చేసే ఇంకెవరికి గానీ జీతం ఉండదు. అందరూ ఉద్యోగాలు చేసుకుంటూనే సాయంత్రాలు చర్చి పని చేస్తారు. అతనికి ఏదో ఒక బాధ్యత ఉంటే డిసెంబర్‌లో ఎవరింట్లో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ పాడైంది, ఎవరికి ఉద్యోగం పోయింది అని తిరుగుతూనే ఉంటాడు. తనకీ ఒక బాధ్యత ఉండే ఉంటుంది, పిల్లల తరగతి చెప్పడమో, పాటలు నేర్పడమో. వద్దని చెప్పడం వాళ్ల అలవాట్లోనే లేదు. నాకు వాళ్లలో నచ్చేదీ అదే, చూసి బాధపడేదీ అదే.

అయినా ఎందుకు చేస్తారంటే, నేను కళ్లారా చూసిన ఒక సాయంత్రం చెబితే మీకర్థమవుతుంది. మా పక్కింటమ్మాయి ఒకసారి 24 మధ్యాహ్నం వచ్చి ‘మీ దగ్గర నీలం రంగు స్కార్ఫ్ ఏదైనా ఉందా’ అనడిగింది. నా పాత చున్నీ ఇచ్చాను. సాయంత్రం మమ్మల్నీ రమ్మన్నారు. సోఫా వెనక్కి జరిపి హాల్లో చోటు చేశారు. నా చున్నీ తల మీద కప్పుకుని ఆరేళ్ల పిల్ల మరియమ్మ అయింది, స్నానాల తువ్వాళ్లు నెత్తిన కట్టుకుని మగపిల్లలు గొర్రెల కాపరులయ్యారు, వాళ్ల దగ్గర చీపురు కర్రే దండం. లాండ్రీ బుట్టలో దుప్పటి వేసి నెలల పసివాణ్ని పడుకోబెడితే వాడు లేచి కూర్చుని బుట్ట అంచు కొరకడం మొదలుపెట్టాడు. తండ్రి ఫోన్‌లో లూకా సువార్త రెండో అధ్యాయం తీసి చదువుతున్నాడు, ఒక్కో వచనానికీ పిల్లలు నటిస్తున్నారు. దేవదూత వేషం వేసిన నాలుగేళ్లది ‘భయపడకండి’ అనాల్సిన చోట మర్చిపోయి బిక్కమొహం వేసింది. వాళ్లమ్మ నేల మీద మోకాళ్లతో జరుగుతూ వెళ్లి చెవిలో చెప్పింది. ఆ పిల్ల గట్టిగా, హాలంతా వినబడేలా అరిచింది. ఆ క్షణంలో వాళ్లమ్మ మొహం చూశాను. చేతులకింకా పిండి ఉంది, కళ్ల కింద నల్లటి చారలున్నాయి, అయినా ఆ మొహంలో ఉన్న తృప్తి డబ్బు పెట్టి కొనేది కాదు. వాళ్ల దృష్టిలో పిల్లలకి విశ్వాసం అందేది చర్చిలో కన్నా ఆ హాల్లోనే ఎక్కువ. అందుకే అంత తాపత్రయం.

కాబట్టి మీ స్నేహితురాలికి ‘ఇవన్నీ ఎందుకు, మానెయ్’ అని మాత్రం చెప్పకండి. అందులో సగం ఆమె ప్రాణం. కొన్ని తగ్గించుకోవచ్చు, నిజమే, ఒకే రకం పైజమాలూ, రోజుకో చోట కనిపించే ఎల్ఫ్ అనే శాంటా సహాయకుడి బొమ్మా మతంలో ఎక్కడా లేవు, అవి ఫోన్లలోంచి వచ్చిపడ్డ బరువు. కానీ ఏది తగ్గించుకోవాలో ఆమె తేల్చుకోవాలి.

‘ఏమైనా కావాలా’ అని అడగడం మానేయండి, జవాబు ఎప్పుడూ లేదనే వస్తుంది. ‘శనివారం రెండింటికి వచ్చి పిల్లల్ని మా ఇంటికి తీసుకెళ్తాను, ఐదింటికి దింపుతాను’ అని చెప్పండి. ‘మంగళవారం రాత్రికి పప్పు, అన్నం, బంగాళాదుంప వేపుడు తెస్తాను, వంట చేయకు’ అనండి. కారమెల్ చుట్టే రోజు వెళ్లి పక్కన కూర్చుని చుట్టండి, ఆ పని చేస్తుంటే మాటలు వాటంతటవే వస్తాయి. తమ్ముడో చెల్లెలో మిషన్‌లో, అంటే మత ప్రచార సేవలో, ఉన్నారేమో కనుక్కోండి. మగపిల్లలు రెండేళ్లు, ఆడపిల్లలు ఏడాదిన్నర ఇల్లు వదిలి వెళ్తారు, ఈ మధ్యలో ఇంటికి రారు. 2019 ఫిబ్రవరి ముందు వరకూ ఏడాదికి రెండంటే రెండుసార్లే, క్రిస్మస్‌కి, మదర్స్ డేకి, ఇంటికి ఫోన్ చేసుకోనిచ్చేవారు. ఇప్పుడు వారం వారం మాట్లాడుకోవచ్చు. అయినా పండగనాడు ఆ కుర్చీ ఖాళీయే కదా. ఆ బెంగ గురించి అడిగేవాళ్లుండరు.

ఒకటి మాత్రం గమనించండి. ఆ ఏడుపు డిసెంబర్ అలసట వల్ల కాక నెలల తరబడి ఉన్నదైతే, నిద్ర పట్టకపోవడం, పిల్లల మీద కూడా ఆసక్తి పోవడం లాంటివి కనిపిస్తే, డాక్టర్ దగ్గరికి మీరే తోడు వెళ్లండి. బిషప్‌తో మాట్లాడానులే అని సరిపెట్టుకోనివ్వకండి. అతను మంచివాడే అయ్యుంటాడు, కానీ వైద్యుడు కాడు.

అమ్మా, మాది మూడు తరాల లూథరన్ కుటుంబం, నేను రిటైరైన టీచర్ని. మా అబ్బాయి, కోడలు హైదరాబాద్‌లో ఈ మోర్మన్ సంఘంలో చేరారు. పోయిన క్రిస్మస్‌కి వాళ్లింటికి వెళ్తే 24 రాత్రి ఆరాధన లేదు, 25 పొద్దున చర్చి లేదు. వాళ్ల మందిరం మీద సిలువ కూడా లేదు. పండగపూట గుడికి పోని క్రైస్తవులేమిటో నాకు అర్థం కాలేదు. మనవలకి ఏం నేర్పుతున్నారో అని దిగులు.
– తెనాలి నుంచి ఒక తాతగారు

మాస్టారూ, మీ దిగులు నాకు తెలుసు. సెమీ క్రిస్మస్‌తో మొదలై, రాత్రుళ్లు క్యారల్స్ బృందం ఇంటింటికీ తిరిగి, 25 తెల్లవారుజామున కొత్తబట్టలతో గుడికెళ్లే ఊళ్లో పెరిగినవారు మీరు. ఆ సందడి లేని పండగ బోసిగానే ఉంటుంది. కానీ మీ అబ్బాయి నిర్లక్ష్యం చేశాడని అనుకోకండి. వాళ్ల సంఘం పద్ధతే అంత, ప్రపంచంలో ఎక్కడైనా. వాళ్ల ఆరాధన ఆదివారానిది. రొట్టె, నీళ్లతో సంస్కారం తీసుకునేదీ ఆదివారమే, ద్రాక్షారసం ఉండదు. క్రిస్మస్ గురువారం వచ్చిందనుకోండి, దానికి ముందు ఆదివారం సభలో పాటలూ ప్రసంగాలూ అయిపోతాయి, పండగ రోజు ఇంటిది. 2022లో క్రిస్మస్ ఆదివారమే పడితే ఆ రోజు కూడా ఒక్క గంట సంస్కార కూడిక పెట్టి, మిగతా తరగతులు రద్దు చేసి ఇళ్లకి పంపేశారు. 2019 జనవరి నుంచి మామూలు ఆదివారాల్లో కూడా మూడు గంటల కూడికని రెండు గంటలకి తగ్గించారు, ఇంట్లో పిల్లలతో కలిసి లేఖనాలు చదవమని. కుటుంబమంతా ఒక సాయంత్రం కలిసి కూర్చోవడమైతే 1915 నుంచి ఉన్న అలవాటు, తర్వాత అది సోమవారానికి ఖాయమైంది. సిలువ లేకపోవడానికి వాళ్లు చెప్పేది, తాము బతికి లేచిన క్రీస్తుని తలుచుకుంటామని.

సిద్ధాంతంలో తేడాలు ఉన్నాయి, లేవని నేను మీకు చెప్పను. త్రిత్వం, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న నమ్మకం, గురించి మీ సంఘం బోధించేదీ వాళ్లు నమ్మేదీ ఒకటి కాదు, బైబిల్‌తో పాటు మోర్మన్ గ్రంథం కూడా వాళ్లకి లేఖనమే. ఆ గ్రంథంలోది ఒక కథ మీ మనవలు చెప్పగా వినే ఉంటారు. క్రీస్తు పుట్టే రాత్రి అమెరికా ఖండంలో చీకటి పడదని సమూయేలు అనే ప్రవక్త చెబుతాడు. నమ్మనివాళ్లు ఒక రోజు గడువు పెడతారు, ఆలోగా సూచన కనబడకపోతే నమ్మినవాళ్లందర్నీ చంపేస్తామని. చివరికి ఒక సాయంత్రం సూర్యుడు అస్తమిస్తాడు గానీ వెలుగు పోదు. డిసెంబర్‌లో చిన్నపిల్లలకి ఈ కథ చెప్పని ఇల్లుండదు. మీకు అది లేఖనం కాదు, సరే. మనవడు కళ్లు పెద్దవి చేసుకుని చెబుతుంటే వినడానికేం?

నా సలహా అడిగితే, భోజనాల బల్ల దగ్గర త్రిత్వం తేల్చకండి. అబ్బాయితో ఆ చర్చ కావాలంటే జనవరిలో, మీరిద్దరే, కాలువగట్టున నడుస్తూ పెట్టుకోండి. ఈసారి వాళ్లనే తెనాలి రమ్మనండి. మీ తెల్లవారుజాము ఆరాధనకి రావడానికి వాళ్ల సంఘంలో అడ్డేమీ లేదు, పిల్లలు క్యారల్స్‌తో తిరగడానికీ లేదు. వాళ్ల సంఘం మన దగ్గర నిన్నమొన్నటిదీ కాదు. 1978లో సమోవా నుంచి వచ్చిన ధర్మరాజు దంపతులు హైదరాబాద్‌లో తమ బంధువులకే మొదట బోధించారు, 2012లో దేశంలో మొట్టమొదటి స్టేక్, అంటే కొన్ని వార్డులు కలిసిన పెద్ద విభాగం, హైదరాబాద్‌లోనే ఏర్పడింది. కుటుంబాల్లోంచి కుటుంబాల్లోకే వెళ్లిన సంఘం అది. తాతయ్యని దూరం చేసుకోమని వాళ్ల బోధలో ఎక్కడా లేదు. మీరు కూడా దూరం జరగకండి, మాస్టారూ.

అక్కా, నేను హైదరాబాద్ అమ్మాయిని, మేం ఎల్‌డీఎస్, అంటే కడవరి దిన పరిశుద్ధుల సంఘం, సభ్యులం. ఇద్దరు పిల్లలు, చిన్నదానికి ఇంకా ఏడాదిన్నర. యూటా తల్లుల వీడియోలు చూస్తుంటే మా క్రిస్మస్ చాలా చిన్నదిగా, వెలవెలబోతున్నట్టుగా అనిపిస్తోంది. అటు అత్తవారింట్లో ఇది పండగే కాదంటారు. మా తమ్ముడు మిషన్‌లో ఉన్నాడు. రెండు గదుల ఇంట్లో మా పిల్లలకి గుర్తుండిపోయేలా ఏం చేయాలి?
– పేరు వద్దన్న ఒక తల్లి

ఈ రెండు ఉత్తరాలూ ఒకే వారం వచ్చాయి, మీకూ ఆ మాస్టారికీ ఏ సంబంధమూ లేదు, అయినా పక్కపక్కనే వేయమని ఎడిటర్‌గారిని నేనే అడిగాను. దయచేసి ఆయన ఉత్తరం మరోసారి చదవండమ్మా. ‘ఇది పండగే కాదు’ అన్న మాట వెనక చాలాసార్లు ఉండేది, నన్ను పిలవలేదన్న బాధ.

వీడియోల సంగతి సూటిగా చెబుతాను. అందులో మీరు చూసేదంతా అమెరికా డిసెంబర్, మీ విశ్వాసం కాదు. ఫైర్‌ప్లేస్‌కి వేలాడే మేజోళ్లు, జింజర్‌బ్రెడ్ ఇళ్లు, పదడుగుల చెట్టు ఇవన్నీ అక్కడి దుకాణాల్లో దొరికేవి, ఏ మతంవాళ్లైనా కొంటారు. నేను చూసిన మోర్మన్ ఇళ్లలో నిజంగా వాళ్లదైనది చాలా కొంచెం. లూకా రెండో అధ్యాయం చదవడం, పిల్లలతో దాన్ని ఆడించడం, నాలుగు పాటలు, ఎవరో ఒకరికి సాయం, మోకాళ్ల మీద ప్రార్థన. ఇందులో రెండు గదుల్లో పట్టనిది ఏముంది?

మిగతాది మన దగ్గరే ఉంది కదా. డిసెంబర్ ఒకటినే బాల్కనీలో స్టార్ కట్టండి, కాగితం స్టార్, లోపల బల్బు పెట్టేది. తెలుగు క్రైస్తవుల ఇంటికి అంతకన్నా గుర్తేముంది. చెప్పిన కథ ఎలాగూ ఉంది, చీకటి పడని రాత్రి, కాబట్టి 24 రాత్రి మాత్రం ఆ స్టార్ ఆర్పకుండా ఉంచుతామని పెద్దవాడికి చెప్పండి, స్విచ్ వాడి చేతే వేయించండి. నాటకానికి మీ పెళ్లి దుపట్టా మరియమ్మకి, మీ ఆయన లుంగీలు కాపరులకి. అపార్ట్‌మెంట్‌లో పిల్లల్ని కూడా పిలవండి, ఏ ఇంటివాళ్లైనా సరే, గొర్రెలు ఎంతమందైనా ఉండొచ్చు. లేఖనం తెలుగులోనే చదవండి. పిల్లలు ఇంగ్లిష్ మీడియం అయినా ఆ ఒక్క అధ్యాయం తెలుగులో చెవిన పడితే పెద్దయ్యాక వదలదు.

ఎర్ర మెషిన్ లేకపోతేనేం. పెద్దవాడిని తీసుకెళ్లి మీ వాచ్‌మన్ పిల్లలకి స్వెటర్లు వాడి చేత్తో ఇప్పించండి. మీరు ఫొటో తీయకండి.

అత్తగారికి స్వయంగా ఫోన్ చేసి ‘25 మధ్యాహ్నం బిర్యానీ మీ చేతి వంటే కావాలి’ అని అడగండి. మనవల కోసం వస్తారు. వచ్చాక ప్రార్థన దగ్గర కూర్చోమని బలవంతం చేయకండి, ఆవిడ దేవుడికి దణ్ణం పెట్టుకుంటే అడ్డు చెప్పకండి.

తమ్ముడితో మాట్లాడే టైమ్ మాత్రం ఇప్పుడే ఖాయం చేసుకోండి. పండగ రోజు మిషనరీలకి కూడా పది ఇళ్ల నుంచి పిలుపులుంటాయి, రాత్రి దాకా తీరిక ఉండదు. పొద్దున పెట్టుకుంటే చిన్నది మెలకువగా ఉంటుంది, మామయ్య మొహం చూస్తుంది. మీ అమ్మానాన్నల్ని కూడా ఆ కాల్‌లో కలపండి, వాళ్లకి వీడియో కాల్ కలపడం రాకపోతే ముందురోజే ఒకసారి చేయించి చూడండి.